దొడ్డి కింద ఏముందో తెలియకుండా వాటాలు వేసుకోవద్దు

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆవిడకి 46 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్తకు బరంపురంలో ఉద్యోగం. శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్లిపోతారు. ఇల్లు మామగారు 1988లో కట్టించినది. ఆయన ఓవర్సీరుగా పనిచేసి రిటైరయ్యారు, మూడేళ్ల కిందట పోయారు. స్థలం వీధివైపు 40 అడుగులు, వెనక్కి 160 అడుగులు. మొదటి 55 అడుగుల్లో ఇల్లు, వంటగది వెనకాల నుయ్యి, నూతికి అవతలి మూల మరుగుదొడ్డి. ఆ వెనకంతా దొడ్డి. కొబ్బరిచెట్లు, పనసచెట్టు, అరటి, అత్తగారి కంద మడి.

మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ కూర్చుని స్టాంపు కాగితం మీద రాసుకున్నారు. ముందున్న ఇల్లూ నుయ్యీ పెద్దవాడికి, అంటే ఈవిడ భర్తకి. వెనక 70 అడుగులు హైదరాబాదులో ఉన్న చిన్నవాడికి, పక్కనుంచి దారితో సహా. ఆయన అక్కడ రెండు గదులు వేసి అద్దెకిద్దామనుకుంటున్నారు. మాఘంలో పునాది.

చిక్కు ఇక్కడే వచ్చింది. రెండేళ్లుగా వానాకాలంలో నూతి నీళ్లు వాసన వస్తున్నాయి. మరుగుదొడ్డిలో నీళ్లు పోస్తే గుడగుడమని ఆలస్యంగా దిగుతున్నాయి. తూర్పు పక్కింటాయన నాలుగేళ్ల కిందట కొత్త ఇల్లు కట్టుకున్నారు. తన గోడ అడుగు చెమ్మపట్టడానికి మీ డ్రైనేజీయే కారణమని గొడవకొస్తున్నారు. అసలు సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు ఎటు పోతున్నాయో ఇంట్లో ఎవరికీ తెలియదు. బట్టలుతికే బండ పక్కన ట్యాంకు పలక ఒకటి కనిపిస్తుంది, అంతే. ఆ నీళ్లు నేలలోకి ఇంకే గొయ్యి, అదే సోక్ పిట్, ఎక్కడా దొరకలేదు. మేస్త్రి వచ్చి చూసి, "వెతకడం దండగ, గొట్టం కోసి వీధి కాలువలో కలిపేద్దాం" అని 5,000 రూపాయలు అడ్వాన్సు తీసుకెళ్లాడు. మరిది ఫోన్లో, "ఇద్దరు మనుషుల్ని ట్యాంకులోకి దింపితే పావుగంటలో తేలిపోతుంది కదా వదినా" అన్నారు. 78 ఏళ్ల అత్తగారిని అడిగితే, "ఆయన కట్టినదానికి వంకలు పెడుతున్నారా" అని కళ్లనీళ్లు పెట్టుకుని, ఆ రోజునుంచి వీళ్లతో కలిసి భోజనానికి కూర్చోవడం మానేశారు. భర్తేమో, "అమ్మని బాధపెట్టకు, తమ్ముడితో మాట రానివ్వకు, ఏదో ఒకటి నువ్వే చూడు" అంటున్నారు. "గొట్టం ఎక్కడుందని అడిగిన పాపానికి ఈ ఇంట్లో చెడ్డదాన్ని నేనయ్యాను, ఎవరి మాట వినాలో చెప్పండి" అని ఉత్తరం ముగించారు.

మీ ఉత్తరంలో అందరి సలహాలూ ఉన్నాయి. వాటిలో ఒకదానికి మాత్రం నేను ఏ ప్రత్యామ్నాయమూ చెప్పను. ఎవరినీ ట్యాంకులోకి దించకండి. పావుగంటకు కాదు, అర నిమిషానికి కూడా వద్దు. మూసి ఉన్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ పేరుకుని ఉంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్లిన గుడ్డు వాసన ఉంటుందని అందరూ చెబుతారు. మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసన తెలిసే శక్తి కూడా పోతుంది. అందుకే దిగినవాడికి ప్రమాదం తెలిసేలోపే స్పృహ తప్పుతుంది, వాణ్ణి లాగడానికి దిగిన రెండోవాడిదీ అదే గతి. మీరు పేపర్లో చదివే వార్తల్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి పోయేది అలాగే. రక్షణ ఏర్పాట్లు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం, చేతితో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇలాంటి మరణాలకు పరిహారం 30 లక్షలకు పెంచాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. మీ మరిదికి చట్టం గురించి చెప్పండి, గ్యాసు గురించి ఇంకా గట్టిగా చెప్పండి. ఆయన చెడ్డ మనసుతో అనలేదు. హైదరాబాదులో కూర్చుంటే ట్యాంకు మూత తీసినప్పటి గాలి తెలియదు.

రెండో తొందర పని నీళ్లది. ఇవాళ్టి నుంచి ఆ నూతి నీళ్లు తాగడానికీ వంటకీ వాడకండి. మీ వీధిలో మున్సిపాలిటీ కుళాయి ఉందని రాశారు కాబట్టి కొన్నాళ్లు బిందెలు మోసుకోక తప్పదు. కుళాయి రాని రోజున నూతి నీళ్లు బాగా తెర్లేదాకా మరిగించి వాడండి. కాకపోతే మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, మురుగు నుంచి నీళ్లలో కరిగే నైట్రేటు అనే లవణం పోదు. నీరు ఆవిరై అది ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. మీది జిల్లా కేంద్రమే కాబట్టి తాగునీటి పరీక్ష చేసే ప్రభుత్వ ల్యాబు ఎక్కడుందో కనుక్కుని నమూనా ఇవ్వండి. రెండే అడగండి: ఈ.కోలి, అంటే మలం కలిసిన నీళ్లలో కనిపించే సూక్ష్మజీవి, ఉందా, నైట్రేటు ఎంత. భారతీయ ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో వంద మిల్లీలీటర్లకు ఈ.కోలి అసలు కనిపించకూడదు, నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ కాగితం చేతికి వచ్చేదాకా నూతి గురించి ఎవరితోనూ వాదించకండి. పక్కింటాయనతో అసలే వద్దు.

ఇప్పుడు మీరడిగిన గొట్టం సంగతి. మీ ఉత్తరంలో మూడో పేజీలో ఒక వాక్యం రాసి దాటేశారు: "మామగారు పైపుల కోసం దొడ్డంతా తవ్వించారని అత్తయ్య ఒకసారి అన్నారు." నాకు చాలా సంగతి అందులోనే దొరికింది. సోక్ పిట్ అయితే ఒక్కచోట గొయ్యి చాలు, దొడ్డంతా తవ్వక్కర్లేదు. మీ మామగారు సోక్ పిట్ వేయలేదని నా ఊహ. మీ ఇల్లు మహేంద్రతనయ నది వైపు పల్లంలో ఉందనీ, వానాకాలంలో చేత్తో ముంచుకునేంత పైకి నూతి నీళ్లు వస్తాయనీ రాశారు. అలాంటి నేలలో లోతుగా గొయ్యి తీస్తే అది వానాకాలమంతా నీళ్లతోనే నిండి ఉంటుంది, ఇక నీరు నేలలోకి ఇంకేదెక్కడ? ఆ సంగతి తెలిసిన ఓవర్సీరు చేసే పని, తక్కువ లోతులో పొడుగ్గా కాలువలు తీయించి, కంకర పరిచి, దానిలో కాల్చిన మట్టి గొట్టాలు జాయింట్లు బిగించకుండా వదులుగా పేర్చి, పైన మళ్లీ కంకర, మట్టి కప్పించడం. ట్యాంకులోంచి వచ్చే నీళ్లు ఆ గొట్టాల సందుల్లోంచి జారి నేలలోకి ఇంకిపోతాయి. పైనుంచి చూస్తే మామూలు దొడ్డే.

దీనికి ఐఎస్ 2470 అని ఒక భారతీయ ప్రమాణం ఉంది. 1985లో సవరించారు, అంటే మీ ఇల్లు కట్టడానికి మూడేళ్ల ముందు. ప్రభుత్వ పనులు చేయించే మనిషికి అది తెలిసి ఉండటానికే అవకాశం ఎక్కువ. అందులో ఉన్నదాని ప్రకారం కాలువ లోతు అర మీటరు నుంచి మీటరు, ఒక్కో కాలువ 30 మీటర్లు మించకూడదు, కాలువకీ కాలువకీ మధ్య కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు. తాగునీటి నూతికి కనీసం 18 మీటర్ల దూరం, మనుషులుండే ఇంటికి కనీసం 6 మీటర్లు.

ఈ 18 మీటర్లను మీ స్థలం మీద పెట్టి చూడండి. మీరు గీసి పంపిన పటం ప్రకారం నుయ్యి వీధి నుంచి సుమారు 62 అడుగుల దగ్గరుంది. దానికి 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు కలపండి. వీధి నుంచి 120 అడుగులు దాటాక గానీ మీ మామగారు ఇంకుడు కాలువలు మొదలుపెట్టి ఉండరు. మీ మరిది వాటా 90 అడుగుల దగ్గర మొదలవుతుంది. అంటే ఆయన పునాది తీస్తానంటున్న చోటే.

ఇది నా ఊహేనని మళ్లీ చెబుతున్నాను. కాగితం మీద లెక్క సరిపోయినంత మాత్రాన నేలలో ఉండాలని లేదు. కానీ వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసింది కదా. అంతకన్నా ముఖ్యం, మీ అత్తగారితో మాట్లాడటానికి మీకు ఒక దారి దొరికింది. ఇప్పటిదాకా మీరు ఆవిడని అడిగింది, "అత్తయ్యా, పైపు ఎక్కడుంది, నూతిలో వాసనొస్తోంది" అని. ఆవిడకి వినిపించింది, "మీ ఆయన తప్పు కట్టారు" అని. ఈసారి ఆవిడ కంద మడి దగ్గర ఉన్నప్పుడు వెళ్లి, మామగారు నూతిని కాపాడటానికే గొట్టాలు అంత వెనక్కి తీసుకెళ్లి ఉంటారని ఎవరో చెప్పారని చెప్పండి. నా పేరే చెప్పండి, ఫరవాలేదు. ఆ పని ఎన్నాళ్లు చేయించారు, మేస్త్రి ఎవరు, కంకర ఎక్కడ పోయించారు, అప్పుడు పనసచెట్టు ఉందా లేదా అని అడగండి. మీరు ఏం అడిగారో కాదు, ఆయన్ని ఎలా తలుచుకున్నారో ఆవిడ వింటారు. 78 ఏళ్ల మనిషికి పొడవులు, లోతులు గుర్తుండవు గానీ, కూలీలకి ఏ చెట్టు కింద అన్నం పెట్టారో గుర్తుంటుంది. ఆ చెట్టు మీకు కొండగుర్తు. ఓవర్సీర్లకి ఇంకో అలవాటు, లెక్కలు రాసి దాచడం. పాత ట్రంకు పెట్టెలో బిల్లులు, డైరీలు ఉంటే ఆవిడ చేతే తీయించండి. ఎన్ని గొట్టాలు కొన్నారో తెలిస్తే కాలువ పొడవు తెలిసినట్టే. మున్సిపాలిటీకి ఇచ్చిన పాత ప్లాను కాపీ ఉంటే ఇంకా మంచిది.

ఆ తర్వాత ట్యాంకు ఖాళీ చేయించండి. మీ ట్యాంకు తిత్లీ తుపాను వచ్చిన ఏడాది, అంటే 2018లో, ఒకసారి ఖాళీ చేయించారని రాశారు. మామూలుగా రెండు మూడేళ్లకోసారి చేయించాల్సిన పని. అప్పటినుంచి పేరుకున్న మడ్డి అంచు దాటి, నీళ్లతోపాటు గొట్టాల్లోకి వెళ్లి కంకర సందులు పూడ్చేసి ఉంటుంది. మరుగుదొడ్డిలో గుడగుడలకు అదొక్కటే కారణం కావచ్చు. తుపానప్పుడు దొడ్డంతా మునిగిందన్నారు, ఆ ఒండ్రు కూడా కొంత చేరి ఉండొచ్చు. ఒడిశా పట్టణాల్లో ట్యాంకు మడ్డిని లాగే మున్సిపాలిటీ సెస్‌పూల్ బండ్లు ఉన్నాయి. ఆఫీసులో అడగండి, లేదా 14420కి ఫోన్ చేయండి. బండివాళ్లు పైనుంచే గొట్టం వేసి లాగుతారు. పలక పాతది కాబట్టి దాని మీద ఎవరూ నిలబడకుండా చూసుకోండి. మూత తీసిన చోట బీడీ, అగ్గిపుల్ల వద్దు. తల లోపలికి పెట్టి చూడొద్దు. దూరంగా నిలబడి టార్చి వేస్తే చాలు.

ట్యాంకు ఖాళీ అయిన ఆ అరగంట మీకు చాలా విలువైనది. పొడుగ్గా ఉన్న ట్యాంకుకు ఒక చివర మరుగుదొడ్డి నుంచి నీళ్లు వచ్చే గొట్టం, దానికి ఎదురు చివర కాస్త కిందుగా బయటికి పోయే గొట్టం ఉంటుంది. ఆ బయటికి పోయే గొట్టం ముఖం ఎటు ఉందో చూస్తే దిక్కు తెలుస్తుంది. ఇంకొకటి చూడండి. ఖాళీ అయ్యాక కూడా ఆ గొట్టంలోంచి నీళ్లు వెనక్కి ట్యాంకులోకి కారుతున్నాయంటే, అవతల కాలువలు నిండిపోయి ఇంకడం మానేశాయని అర్థం. కారకపోతే అవి ఇంకా పనిచేస్తున్నాయని ఆశపడొచ్చు. ప్లంబరు దగ్గర పొడవాటి స్ప్రింగు వైరు ఉంటే బయటి నుంచే అందులోకి పంపించి ఎన్ని అడుగులు పోయిందో కొలవమనండి. వంపు దగ్గర ఆగుతుంది, ఆ దూరం రాసుకోండి.

నేల మీద వెతకడానికి ఇప్పటికంటే ఫాల్గుణం, చైత్రం మంచివి. దొడ్డి గడ్డంతా ఎండి పసుపురంగుకు వచ్చాక కొన్నిచోట్ల మాత్రం పచ్చగా చారలు మిగులుతాయి. అవి ఒకదానికొకటి ఆరేడు అడుగుల దూరంలో సమానంగా సాగితే అవే మీ కాలువలు. ఒక్కచోటే గుండ్రంగా పచ్చగా ఉంటే అది లీకు కావచ్చు. మీ అత్తగారి కంద ఊళ్లో ఎవరికీ ఊరనంతగా ఊరుతుందని రాశారు. ఆవిడ చేతి చలవ కాదనను గానీ, ఆ మడి ఎక్కడుందో పటంలో గుర్తు పెట్టండి.

అంతవరకూ ఆగలేకపోతే ఇనుప చువ్వ. వేలి లావు ఉన్నది, నాలుగడుగుల పొడవు, పైన పట్టుకోవడానికి అడ్డంగా ఒక ముక్క వెల్డింగు చేయించండి. వాన పడి నేల మెత్తగా ఉన్న మర్నాడు, 120 అడుగుల దగ్గర మొదలుపెట్టి, కాలువలు సాగుతాయనుకున్న దిక్కుకు అడ్డంగా, అడుగుకో పోటు చొప్పున నెమ్మదిగా గుచ్చుతూ వెళ్లండి. మట్టిలో చువ్వ మెత్తగా దిగుతుంది. కంకర తగిలితే కరకరమని చేతికి తెలుస్తుంది. అది తగిలిన చోట ముల్లు పాతి గుడ్డపీలిక కట్టండి. రెండడుగుల వెడల్పు కరకర, తర్వాత కొన్ని అడుగులు మెత్తన, మళ్లీ కరకర వస్తే ఇక అనుమానం అక్కర్లేదు. సుత్తితో కొట్టొద్దు, గునపం వాడొద్దు. ముప్పై ఏళ్లు దాటిన మట్టి గొట్టం ఒక్క పోటుకు పగులుతుంది. మోటారు కరెంటు వైరు నేలలోంచి పోతుంటే మెయిన్ ఆపేసి చేయండి. చివరగా ఒక్కచోట పారతో, చేతి తొడుగులు వేసుకుని, గొట్టం కనిపించేదాకా జాగ్రత్తగా మట్టి తీసి చూసి మళ్లీ కప్పేయండి. జేసీబీ పిలుస్తానని మీ మరిది అంటే వద్దనండి.

పక్కింటాయన విషయం. ఆయన నాలుగేళ్ల కిందట ఇల్లు కట్టారు, మీ నుయ్యి రెండేళ్లుగా వాసనొస్తోంది, ఆయన మరుగుదొడ్డి మీ గోడవైపే ఉంది. ఈ మూడూ మీరే రాశారు గానీ కలిపి చూడలేదు. ఆయన సోక్ పిట్ మీ నూతికి ఎన్ని అడుగుల దూరంలో ఉందో కొలిచారా? ఆయన గోడ చెమ్మకు మీరు, మీ నూతి వాసనకు ఆయన కారణం కావచ్చు. రెండింటికీ మీ పగిలిన గొట్టమే కారణం కావచ్చు, వాననీరే కావచ్చు. తేల్చడానికి రంగు పరీక్ష ఉంది. ల్యాబు సామాన్లు అమ్మే చోట ఫ్లోరెసిన్ అనే పొడి దొరుకుతుంది, నీళ్లలో పచ్చగా మెరుస్తుంది. మీ మరుగుదొడ్డిలో వేసి బాగా నీళ్లు పోసి, రోజూ నూతి నీళ్లు గాజు గ్లాసులో పట్టి చూడండి. నూతిలో మెరుపు కనిపిస్తే దారి ఉన్నట్టే. కనిపించకపోతే లేదని మాత్రం చెప్పలేం, నేలలో అది వారాల తరబడి పట్టొచ్చు. మేస్త్రులు పర్మాంగనేటు వేయమంటారు, అది మురుగు తగలగానే రంగు పోగొట్టుకుంటుంది, పనికిరాదు. మీ పరీక్ష అయ్యాక, పక్కింటాయన్ని కూడా అదే చేయమని అడగండి. ముందు మీరు చేశారు కాబట్టి ఆయన కాదనడం కష్టం.

ఇక ఏం చేయాలి అన్నదానికి నాకు కనిపిస్తున్న దారులు చెబుతాను. ఏదీ ఉచితం కాదు.

కాలువలు నేననుకున్న చోటే ఉండి, ఇంకా పనిచేస్తుంటే, వాటిని అలాగే వదిలేయొచ్చు. ఖర్చు తక్కువ, మీ నుయ్యి దూరంగా ఉంటుంది. కానీ మీ మరిది వాటా సగం చేతికి అందనట్టే. కాలువల మీద గదులు వేస్తే మట్టి అణిగిపోతుంది, గాలి ఆడదు, నీరు ఇంకదు, మీ మరుగుదొడ్డి వెనక్కి తన్నుతుంది, తవ్వి పూడ్చిన నేల కాబట్టి ఆయన పునాది కుంగొచ్చు. పక్కన కట్టాలన్నా ఇంటికి 6 మీటర్ల దూరం ఉండాలి. ఇరవై అడుగులు అటూ ఇటూ వదిలితే 70 అడుగుల్లో ఏం మిగులుతుందో ఆయన్నే లెక్కవేసుకోమనండి. ఈ దారిలో వెళ్తే ఆయనకు మీరు వేరే ఏదైనా ఇవ్వాలి: డబ్బు, లేదా పాత ఇంటి మీద మేడ వేసుకునే హక్కు. మేడ అంటే ముందు ఇంజనీరు చేత గోడలు, పునాది చూపించాలి.

కాలువలు చచ్చిపోయి ఉంటేనో, ఆయన కట్టి తీరతానంటేనో, కొత్తది వేయాలి. పాత గొట్టాలు పెకలించక్కర్లేదు, తెంపి నేలలోనే వదిలేయొచ్చు. కానీ కొత్తది ఎక్కడ? మీ వాటాలో వేస్తే నూతికి 18 మీటర్లు రావు. అంటే నుయ్యి తాగునీటికి పూర్తిగా వదులుకుని, మొక్కలకీ బట్టలకీ వాడుకోవాలి. 160 అడుగుల స్థలంలో తాగే నుయ్యి, వెనక ఇల్లు, ఇంకుడు కాలువ ఈ మూడూ నియమం ప్రకారం ఇమడవు. ఏదో ఒకటి తగ్గాలి. ఏది తగ్గాలో నేను చెప్పను, అది మీరంతా కూర్చుని చెప్పుకోవాల్సింది. బోరు వేస్తే తీరిపోతుందనీ అనుకోకండి. పైనుంచి కేసింగు సరిగా లేకపోతే బోరుకీ అదే నీరు చేరుతుంది.

అన్నట్టు, మీ మరిది వేసే రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ల మురుగునీళ్లు ఎక్కడికి పోతాయో ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఆయనకూ ఒక ట్యాంకు, నీళ్లు ఇంకడానికి చోటు కావాలి. ఇద్దరూ కలిసి ఒక కొత్త ట్యాంకు, ఒక కాలువ వేయించుకుని ఖర్చు పంచుకుంటే వేర్వేరుగా చేసేదానికంటే తక్కువలో పోవచ్చు. ఆయనతో గొడవ లేకుండా మాట మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. "నీ వాటాలో మా గొట్టం ఉంది" అంటే ఆయనకు కోపం వస్తుంది. "నీ అద్దెదార్ల నీళ్లు ఎటు పంపుదాం" అంటే ఆయన ఆలోచిస్తారు.

మేస్త్రి చెప్పిన వీధి కాలువ దారి చవకే. మీ వీధిలో సగం ఇళ్లు అదే చేస్తున్నాయని కూడా ఆయన అనే ఉంటాడు. ట్యాంకులోంచి వచ్చే నీళ్లు చూడటానికి తేటగా ఉన్నా రోగాలు మోసేవే. వాననీటి కాలువలో వదలడానికి అవి తగవు, పట్టుబడితే మున్సిపాలిటీతో తలనొప్పి మీకే. పైగా మీ పటం చూస్తే, ట్యాంకు నుంచి వీధికి గొట్టం వేయాలంటే నూతిని రాసుకుంటూ రావాలి. ఒక్క జాయింటు కారిందంటే ఇప్పుడున్న అనుమానం రేపు నిజమవుతుంది.

స్టాంపు కాగితం గురించి నా మాట మీ భర్తకు నచ్చకపోవచ్చు. ఇల్లు మామగారి స్వార్జితమై, వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతోపాటు భార్యకూ కూతుళ్లకూ సమాన వాటా ఉంటుంది. మీ అత్తగారికి ఒక వాటా, టెక్కలిలో ఉన్న మీ ఆడపడుచుకు ఒక వాటా. వాళ్ల సంతకాలు లేని ఆ కాగితం ఎంత దూరం నిలుస్తుందో వకీలును అడగండి. ఇన్నాళ్లూ మీ అత్తగారిని బాధపెట్టకూడదని అందరూ అనుకుంటున్నారే గానీ, ఆవిడ స్థలం గురించి ఆవిడని ఎవరూ అడగలేదు. ఆవిడ అన్నం దగ్గర అలగడంలో నాకు అదీ కొంత కనిపించింది. తప్పో ఒప్పో, మీకన్నా మీ భర్తే వెళ్లి అడగాల్సిన సంగతి ఇది. వారానికి ఒక్క ఆదివారం ఇంట్లో ఉండే మనిషి ఒక్క ఆదివారం దీనికి పెట్టగలరు. మీరు పైపు వెతకండి, తల్లితో, తమ్ముడితో మాట ఆయన్ని మాట్లాడనివ్వండి. ఆయన కాదంటే మీరూ చువ్వ కింద పెట్టేయొచ్చు, నేను తప్పుపట్టను. నూతి నీళ్ల పరీక్ష మాత్రం ఆపకండి.

కాలువలు ఎక్కడ తేలినా, కొత్త పంపకం రిజిస్టరు చేయించేటప్పుడు గొట్టం సంగతి అందులో రాయించండి. ఉమ్మడి ఆస్తి పంచుకున్నాక ఒకరి వాటాలోంచి ఇంకొకరికి దారి, నీరు లాంటి అవసరమైన హక్కులు నిలుస్తాయని 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. కానీ పైకి కనిపించే గుర్తు ఉన్న హక్కుకు ఉండే బలం వేరు, నేలలో పూడిపోయిన గొట్టానికి ఉండే బలం వేరు. రేపు మీ మరిది ఆ స్థలం ఎవరికో అమ్మితే కొన్నవాడు "నాకేం కనిపించలేదు" అంటాడు. భూమి కొలిచే అమీన్‌ను పిలిపించి, ఇంటి వెనక రెండు మూలల నుంచీ కాలువ మొదటికీ చివరికీ ఎన్ని అడుగులో కొలిపించి, ఆ అంకెలు పటంలో వేయించండి. చెట్టు నుంచి కొలవొద్దు, చెట్టు పోతుంది. గొట్టం బాగుచేయడానికి ఎవరు రావచ్చు, ఖర్చు ఎవరిది, మీద ఏం కట్టకూడదు అనేవి రెండు మూడు వాక్యాల్లో చాలు.

కంద సంగతి కూడా అడిగారు. ఉడికించి తినేదే కాబట్టి ఇప్పటిదాకా తిన్నదానికి టెన్షన్ పడకండి. వచ్చే ఏడాది నుంచి ఆ చోట దుంపలు, పచ్చిగా తినే ఆకులు వేయొద్దు, తవ్వితే చేతులకు ఆ మట్టే అంటుతుంది. మడిని నూతి పక్కకు మార్చి, అక్కడ గడ్డిని వదిలేయండి. పనసచెట్టు వేళ్లు గొట్టాల్లో దూరి ఉండొచ్చు. అయినా కాలువలు పనిచేస్తున్నాయో లేదో తేలకముందే చెట్టు కొట్టించకండి.

మేస్త్రి అడ్వాన్సు వెనక్కి అడగక్కర్లేదు. వీధి కాలువ పని మాత్రం వద్దని స్పష్టంగా చెప్పండి. ఆ 5,000లో చువ్వ చేయించి, బండి వచ్చిన రోజున పలక జాగ్రత్తగా లేపి మళ్లీ బిగించి, ఒక్కచోట చేత్తో తవ్వి గొట్టం చూపించమనండి. ఒప్పుకోకపోతే అప్పుడు డబ్బు అడగండి.